రాచకొండ గుట్ట మీద రాజు ఇల్లు వెతుక్కుంటూ

మాది నల్లగొండ. ఊరి పేరులోనే కొండ ఉంది. చిన్నప్పటి నుంచి ఎటు చూసినా గుట్టలే కాబట్టి వాటిని ప్రత్యేకంగా చూడాలని ఎప్పుడూ అనిపించలేదు. సింగభూపాలుడి గురించి చదివాక ఆ చూపు మారింది. నాట్యం, రసం గురించి సంస్కృతంలో ‘రసార్ణవ సుధాకరం’ రాసినవాడు, శార్‌ఙ్గదేవుడి సంగీత గ్రంథానికి వ్యాఖ్యానం చేసినవాడు మా ఉమ్మడి జిల్లాలోనే రాచకొండ అనే గుట్ట మీద కోట కట్టుకున్న వంశపు రాజు. పేరుకు ముందు ‘సర్వజ్ఞ’ అన్న బిరుదు. అలాంటి మనిషి ఉన్న చోటు ఎలా ఉంటుంది? ఆ బండల మధ్య కూర్చుని ఎలా రాశాడు? అన్నిటికంటే ముందు, అంత ఎత్తున రోజూ తాగే నీళ్ళు ఎక్కడివి?

కార్తీకం మొదట్లో నాలుగు రోజులు సెలవు దొరికింది. మా పెదనాన్న కొడుకును తోడు రమ్మన్నాను. అన్న ముప్పై ఏళ్ళుగా రాళ్ళపని మేస్త్రి. బడి చదువు ఐదో తరగతితో ఆగింది కానీ, బండను చూస్తే అది ఎటు పగులుతుందో చెప్పేస్తాడు. “కోటలు చూసుడేంది తమ్మీ, కట్టినోని పనితనం చూడాలె” అంటూ బండెక్కాడు.

మొదటి రోజు: భువనగిరి

ముందు భువనగిరి వెళ్దామన్నది నా ఆలోచనే. గుట్ట మీద రాజ్యం పెట్టడం మా ప్రాంతంలో రాచకొండ వాళ్ళతో మొదలవలేదని అన్నకు చూపించాలనుకున్నాను. చిట్యాల, రామన్నపేట మీదుగా వెళ్తుంటే రోడ్డు పక్కన పత్తి తెల్లగా పగిలి ఉంది. టౌన్ ఇంకా దూరంగా ఉండగానే గుట్ట కనిపించింది. గుట్ట అనడం కంటే ఒక్కటే బండ అనాలి. దాదాపు 500 అడుగుల ఎత్తు, 40 ఎకరాల వైశాల్యం. ఒక వైపు నుంచి చూస్తే గుడ్డు బోర్లించినట్టుంది.

పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 వరకు పాలించాడు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. ఆ పేరు మీదే ఇది త్రిభువనగిరి అయింది, తర్వాత భువనగిరి, జనం నోట్లో భోనగిరి. చాళుక్యుల తర్వాత కాకతీయులు, ఆ తర్వాత గోల్కొండ సుల్తానులు ఈ కోటను ఏలారు. 18వ శతాబ్దం మొదట్లో సర్వాయి పాపన్న దీని మీద దాడి చేశాడు. పైనున్న బాలా హిస్సార్ గోడల్లోని కమానులు చూస్తే తర్వాతి కాలపు చెయ్యి తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు అన్న మాట్లాడలేదు. మెట్లు కొన్నిచోట్ల పేర్చినవి, కొన్నిచోట్ల బండనే చెక్కినవి. పైభాగంలో మెట్లు పోయి నున్నటి ఏటవాలు బండ వస్తుంది. అక్కడ కడ్డీ పట్టుకునే ఎక్కాలి. వాన పడ్డ రోజు వెళ్ళొద్దని ఎవరికైనా గట్టిగా చెబుతాను. ఇదే బండ మీద శిక్షణ తీసుకున్న పూర్ణ 2014లో, 14 ఏళ్ళు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ సంగతి గుర్తొచ్చి కాళ్ళకు కొంచెం ధైర్యం వచ్చింది.

పైన అన్న నేరుగా దోనెల దగ్గరికి వెళ్ళాడు. మా దగ్గర బండల్లో నీళ్ళు నిలిచే గుంటను దోనె అంటారు. “ఇది చూడు. వాన పడితే బండ మీద చుక్క కూడా ఇంకది, మొత్తం జారి వస్తది. అది ఎటు జారుతదో చూసి ఆడనే గుంట తొలిచిండ్రు.” నిజమే. 40 ఎకరాల బండ అంతా వాన నీళ్ళను పట్టే పెద్ద పళ్ళెం లాంటిది. అంచున చిన్న చిన్న కాలువలు తీస్తే నీళ్ళు వాటంతటవే దోనెలో చేరతాయి. నా ప్రశ్నకు మొదటి రోజే సగం జవాబు దొరికింది.

దిగాక కింద చాయ్ తాగుతూ 1944లో ఇదే ఊళ్ళో జరిగిన ఆంధ్ర మహాసభ గురించి చెప్పాను. పక్కనే బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి ఆ సభకు అధ్యక్షుడు. 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచినప్పుడు ఆయనకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అన్న ఆ సంగతి మా తాత నోట విన్నాడట. రాత్రి చౌటుప్పల్‌లో ఉన్నాం.

రెండో రోజు: రాచకొండ

తెల్లారకముందే బయల్దేరి సంస్థాన్ నారాయణపురం చేరాం. హోటల్లో వేడి ఇడ్లీ తిని, నీళ్ళ బాటిళ్ళు ఆరు కట్టుకున్నాం. అక్కడి నుంచి రోడ్డు గుట్టల్లోకి తిరుగుతుంది. హైదరాబాద్‌కు ఇంత దగ్గర్లో ఇంత అడవి ఉందంటే నమ్మడం కష్టం. 2016లో పోలీసు కమిషనరేట్‌కు పెట్టాక రాచకొండ పేరు రోజూ పేపర్లో వచ్చింది. ఆ పేరు వెనకాల ఒక రాజధాని ఉందని తెలిసినవాళ్ళు మాత్రం నాకు తక్కువే కనిపించారు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయుల దగ్గర సేనానులుగా ఉన్న కుటుంబాలు ఎవరికి వారు నిలబడ్డారు. అలాంటివాళ్ళే రేచర్ల పద్మనాయకులు. 1361లో జల్లిపల్లి కోట ముట్టడిలో వాళ్ళ పెద్ద సింగమ నాయకుడు చనిపోయాడు. ఆయన కొడుకు అనపోతా నాయకుడు రాచకొండను రాజధాని చేసుకున్నాడు. ఓరుగల్లు ఏలుతున్న ముసునూరి కాపయ నాయకుణ్ణి ఓడించి పెద్ద రాజయ్యాడు. తను రాచకొండలో ఉండి, తమ్ముడు మాదా నాయకుడికి దేవరకొండ ఇచ్చాడు. ఆ అనపోతుడి కొడుకే మన సర్వజ్ఞ సింగభూపాలుడు.

ఊరి దగ్గర బండి పెట్టి నడక మొదలుపెట్టాం. మేకలు కాసే ఒక తాత ఎదురొచ్చాడు.

“ఏడికి పోతున్నరు బిడ్డా?”

“కోట చూద్దామని తాతా.”

“చూసుడు కాదు, దారి దొర్కాలె గద. నా ఎంబడి రాండ్రి.”

ఆ తాత లేకపోతే మేం పొదల్లో తిరుగుతూనే ఉండేవాళ్ళం. బాట చాలాచోట్ల మూసుకుపోయింది. సీతాఫలం చెట్లు, బలుసు, రేగు, తంగేడు. మొదటి ద్వారం ఒక్కసారిగా ఎదురైంది. రెండు ఏకశిలా స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఒక్కటే రాతి దూలం. కమాను లేదు, సున్నం లేదు. స్తంభం మోస్తుంది, దూలం ఆనుతుంది, అంతే. ఆరున్నర శతాబ్దాలుగా అలాగే ఉంది.

అన్న గోడ దగ్గర ఆగిపోయాడు. అరగంట కదల్లేదు. నాకు మొదట పెద్ద పెద్ద రాళ్ళు పేర్చినట్టే కనిపించింది. అన్న చూపిస్తే గానీ అసలు పని అర్థం కాలేదు. ఏ రెండు రాళ్ళూ ఒక కొలత కావు. కింది రాయి పైభాగం ఎలా వంకరగా ఉందో, పై రాయి అడుగును సరిగ్గా అదే వంకరకు చెక్కారు. దర్జులో వేలి గోరు పట్టేంత సందు కొన్నిచోట్ల, అదీ లేనిది కొన్నిచోట్ల. ఎక్కడన్నా సందు పెద్దదైతే చిప్ప రాయి కొట్టి బిగించారు. రాళ్ళ బరువే రాళ్ళను పట్టి ఉంచింది.

“సున్నం పెడితే నూరేండ్లకో రెండు నూర్లకో రాలుతది తమ్మీ. గీడ రాలనీకి ఏం లేదు. వాననీళ్ళు గోడ ఎన్క నిలవకుండ సందుల్లకెళ్లి బయటికొస్తయి. గోడ ఉబ్బది.” అన్న గోడను అరచేత్తో నిమురుతూ చెప్పాడు, పశువును నిమిరినట్టు.

కొంచెం పైన ఒక పరుపుబండ అంచున వరసగా గుంతలు కనిపించాయి. అగ్గిపెట్టె పట్టేంత గుంతలు, ఒకే దూరంలో, ఒకే గీత మీద. సగం తెగి మిగిలిపోయిన బండ అది. అన్న ముఖం వెలిగిపోయింది. ఆ గుంతల్లో చీలలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా సమ్మెటతో ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోతారు. ఒకే చోట గట్టిగా కొట్టకూడదు. మొదట చీల ఖణేల్‌మంటుంది. కొన్ని వరసలయ్యాక మోత మందగిస్తుంది. “రాయి గొంతు మారుతది. అప్పుడు సమ్మెట పక్కన పెట్టి కూసోవాలె. అదే పగుల్తది.” తన పనిలోనూ అదే పద్ధతి అని చెప్పాడు. జేబులోంచి దారం తీసి రెండు గుంతల మధ్య దూరం కొలిచి ముడి వేశాడు. సరిగ్గా నాలుగు వేళ్ళు.

సంగీత శాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన రాజు ఈ మోత విన్నాడా అని నాకు అనిపించింది. వినకుండా ఎలా ఉంటాడు? గుట్ట మీద రోజంతా అదే మోగి ఉంటుంది.

ద్వారం తర్వాత ద్వారం దాటుతూ పైకి వెళ్ళాం. పైకి వెళ్తున్నకొద్దీ కట్టడాల పునాదులు, పడిపోయిన గోడలు, వాటి మధ్య మొలిచిన చెట్లు. రాజు ఇల్లు ఇదీ అని చూపించే బోర్డేమీ లేదు. తాత ఒక విశాలమైన చోట ఆగి “గిదే రాజుల జాగ” అన్నాడు. తూర్పు ముఖంగా ఎత్తైన అరుగు పునాది ఉంది. గాలి బాగా తగులుతోంది. నేను అక్కడే కూర్చున్నాను. ‘రసార్ణవ సుధాకరం’లో మూడు భాగాలున్నాయి: రంజకోల్లాసం, రసికోల్లాసం, భావకోల్లాసం. నాయకుడి లక్షణాలేంటి, నాయిక మనసు ఎలా కదులుతుంది, ఏ భావం ఏ రసంగా పండుతుంది, ఇవన్నీ ఓపికగా విడదీసి చెప్పిన పుస్తకం. ఆయనే ఒక నాటకం కూడా రాశాడు, పేరు ‘రత్నపాంచాలిక’. సరిహద్దులో బహమనీలు, దక్షిణాన విజయనగరం, తూర్పున రెడ్డి రాజులు. ఎటు చూసినా యుద్ధమే ఉన్న కాలంలో ఆయన ఇది రాశాడు.

తాతకు సింగభూపాలుడి పేరు తెలుసు, కానీ వేరే కథతో. పోతనామాత్యుడు భాగవతం అంకితం ఇవ్వనన్నాడని రాజు కోపంతో ఆ పుస్తకాన్ని పాతిపెట్టించాడన్న కథ. జనంలో బాగా నాటుకున్న కథ అది. రాచకొండ వంశంలో సింగభూపాలుడి పేరుతో ఒకరికి మించి రాజులున్నారు, పోతన కథలో వినిపించేది తర్వాతి తరంవాడు. ‘సర్వజ్ఞ’ అని పండితులు ఒప్పుకున్న మనిషికి సొంత గుట్ట కిందే ఈ పేరు మిగలడం నాకు బాధ కలిగించింది. తాతకు నాకు తెలిసింది చెప్పాను. “ఇద్దరున్నరా? గట్లయితే మంచోడు మంచోడే” అన్నాడు.

అక్కడి నుంచి కిందికి చూస్తే గుట్టల మడతల్లో చెరువు మెరుస్తూ కనిపించింది. వానలు బాగా పడ్డాయి, మత్తడి దుంకుతోంది. పద్మనాయకుల శాసనాల్లో అనపోత సముద్రం, నాగసముద్రం అన్న పేర్లున్నాయి. చెరువును సముద్రం అని పిలుచుకున్న నేల ఇది. గుట్ట పైన దోనెలు రాజుకు, కాపలా వాళ్ళకు సరిపోతాయి. కానీ గుట్ట చుట్టూ ఉన్న జనానికి, వాళ్ళ పొలాలకు చెరువు కావాలి. రెండు గుట్టల మధ్య సన్నటి సందు చూసి కట్ట వేస్తే చాలు, గుట్టల మీద పడ్డ వానంతా వచ్చి నిలుస్తుంది. కోట కట్టిన చోటే చెరువు కట్టే చోటు కూడా. పైన కూర్చుని చూసినప్పుడే నాకు ఈ సంగతి తెలిసింది. రాజు ఇల్లు గోడల దగ్గర అయిపోదు, ఆ చెరువు కట్ట దాకా ఉంటుంది.

దిగేటప్పుడు దారి తప్పాం. తాత మేకల కోసం ముందే వెళ్ళిపోయాడు. గంటన్నర తుప్పల్లో తిరిగాం, నీళ్ళు అయిపోయాయి, చీకటి పడుతోందని టెన్షన్. చివరికి తండా నుంచి పుల్లలకు వచ్చిన ఒకామె కనిపించి బాట చూపించింది. అడక్కుండానే ఒళ్ళోంచి నాలుగు సీతాఫలాలు తీసి చేతిలో పెట్టింది. ఆమె మేలు మరచిపోలేను.

మూడో రోజు: మర్రిగూడ మీదుగా దేవరకొండ

అన్నకు ముందురోజు ఎక్కిన నొప్పులు. నాకూ అంతే. మెల్లగా బయల్దేరాం. దారిలో మర్రిగూడ వచ్చింది. ఇక్కడికి వస్తే అన్న గొంతు తగ్గిపోతుంది. మా పెద్దమ్మది ఈ వైపు ఊరే. చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళు తాగి పెరిగింది. యాభై దాటకముందే నడుము వంగింది, మోకాళ్ళు బిగుసుకుపోయాయి.

ఈ బండల్లోనే ఫ్లోరైడ్ ఉంది. తెలంగాణ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది. వాన నీళ్ళు పై పొరలో ఉన్నంతసేపు బాగానే ఉంటాయి. లోతుకు ఇంకి, పగుళ్ళలో ఏళ్ళ తరబడి రాయితో కలిసి ఉంటే ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ళకు, ఎముకలకు ముప్పు. చెరువులు ఎండి, బోర్లు లోతుకు పోయినకొద్దీ మా ఊళ్ళలో జనం అదే తాగారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అంటారు. ఒక జిల్లా పేరు ఇలా ప్రపంచానికి తెలియడం ఎంత బరువో అక్కడి వాళ్ళకే తెలుసు. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే వేశారు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. పెద్దమ్మకు మాత్రం అవి ఆలస్యంగా వచ్చాయి.

“ఆ రాజులు బోరు వెయ్యలే తమ్మీ. పైకెళ్ళి పడ్డదే తాగిండ్రు” అన్నాడు అన్న, బండి నడుపుతూ. నిన్న నేను గుట్ట మీద అనుకున్నది వాడు ఒక్క మాటలో చెప్పాడు.

చింతపల్లి, కొండమల్లేపల్లి దాటి మధ్యాహ్నానికి దేవరకొండ చేరాం. రాచకొండ అడవిలో దాక్కుంటే దేవరకొండ ఊరి పక్కనే నిలబడి ఉంటుంది. ఏడు గుట్టల మధ్య కోట. గోడ ఒక గుట్ట వెన్ను ఎక్కి, దిగి, ఇంకో గుట్ట ఎక్కుతూ పోతుంది. మాదా నాయకుడి వంశం ఇక్కడి నుంచి పాలించింది. అన్నకు రాచకొండ, తమ్ముడికి దేవరకొండ, మధ్యలో వాళ్ళ రాజ్యం. ఇద్దరు అన్నదమ్ములం కలిసి తిరుగుతున్నాం కాబట్టి ఆ పంపకం మాకు దగ్గరగా అనిపించింది.

ఇక్కడ గుట్టలే సగం గోడ. నిట్టనిలువు బండ ఉన్నచోట రాయి పేర్చలేదు, రెండు బండల మధ్య సందును మాత్రమే మూశారు. లోపల గుట్టల నడుమ లోయలా దిగిన నేల, బావులు, కోనేరు. ఒక మెట్ల బావిలో నీళ్ళు పచ్చగా నిండి ఉన్నాయి. ఎండ బాగా ముదరడంతో పై బురుజు దాకా వెళ్ళలేదు. సాయంత్రం మిర్చి బజ్జీలు తిని లాడ్జిలో పడుకున్నాం.

నాలుగో రోజు: కోయిల్‌కొండ

కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పాలమూరు, అక్కడి నుంచి కోయిల్‌కొండ. ఇది చాలా దూరం అని అన్న గొణిగాడు కానీ, ఇక్కడున్న ఒక శాసనం కోసం నేను పట్టుబట్టాను.

గోల్కొండ రాజకుమారుడు ఇబ్రహీం, అన్న జంషీద్‌కు భయపడి విజయనగరం పారిపోయాడు. అళియ రామరాయల దగ్గర ఏడేళ్ళు తలదాచుకున్నాడు. 1550లో జంషీద్ చనిపోగానే గద్దె కోసం తిరిగొచ్చాడు. అప్పుడు కోయిల్‌కొండలోని నాయకవాడీలు, అంటే కోటలు కాసే తెలుగు సేనానులు, నీ వెంటే ఉంటామని ప్రమాణం చేశారు. ఆ ప్రమాణాన్ని తెలుగులో రాతి మీద చెక్కించారు. ఇబ్రహీం 1580 దాకా ఏలాడు. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలిచారు, అద్దంకి గంగాధరుడు కావ్యం అంకితమిచ్చాడు. హుస్సేన్ సాగర్ ఆయన కాలంలో కట్టిందే, ఇబ్రహీంపట్నం పేరు ఆయనదే. మళ్ళీ చెరువే.

కోటకు ఏడు ద్వారాలు. లోతైన వాగు దాటి, నిలువు మెట్లెక్కాలి. రాచకొండ చూసి వచ్చిన కళ్ళకు తేడా వెంటనే తెలిసింది. ఇక్కడ కమానులున్నాయి, డంగు సున్నం ఉంది. నాలుగో ద్వారం దాటాక కూలిన మహలు, ఇంకా పైన మసీదు. సున్నం రాలిన చోట అన్న వేలితో పొడి తీసి నలిపి చూశాడు. “ఇసుక సన్నగ జల్లెడ పట్టిండ్రు. మంచి పని” అని ఒప్పుకున్నాడు.

కిందికి దిగుతూ మొదటి ద్వారం దగ్గర కాసేపు కూర్చున్నాం. ఆ ప్రమాణం గురించి అన్నకు మళ్ళీ వివరంగా చెప్పాను. ఒక రాజు వెంటే ఉంటామని మన భాషలో, మన రాయి మీద రాశారు అంటే అన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, మెట్ల పక్కన సగం తెగిన ఒక బండ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ కూడా వరసగా చీల గుంతలున్నాయి. జేబులోంచి రాచకొండ దారం తీసి, ముడిని ఒక గుంత మీద ఆనించి రెండో గుంత దాకా లాగాడు.

“ఇడ మూడే వేళ్ళు” అని, పాత ముడి పక్కన ఇంకో ముడి వేసి దారం జేబులో పెట్టుకున్నాడు.